జంటగా ఫోటో షూట్‌కి వెళ్తున్నారా? వెనక్కి మాత్రం అడుగు వేయకండి

ఎంగేజ్‌మెంట్ ఫోటోల కోసం వెళ్లిన జంట అంచు మీంచి జారిపడ్డారన్న వార్త మళ్లీ కంటబడింది. ఇలాంటి వార్త కింద జనం రాసే మాట ఎప్పుడూ ఒకటే: "ఫోటోల పిచ్చి". ఆ మాటతో చేతులు దులిపేసుకుంటే తర్వాతి జంటకు ఒరిగేదేమీ లేదు. ఇలా పడేవాళ్లు సాహసాలు చేద్దామని బయల్దేరినవాళ్లు కారు. నిలబడమన్న చోట నిలబడ్డారు, జరగమన్నప్పుడు జరిగారు, అంతే.

బట్టలు ఇస్త్రీ చేయించుకోండి, ముందురోజు త్వరగా పడుకోండి లాంటివి ఇక్కడ రాయడం లేదు. అవి ఎవరైనా చెబుతారు.

అసలు తప్పు ఎక్కడంటే

"ఇంకొంచెం వెనక్కి."

ఈ రెండు మాటలే. ఇవి చెవిన పడ్డ క్షణంలో ఎవరి చూపు ఎక్కడుందో ఆలోచించండి. జంట ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తుంటారు, లేదా లెన్స్ వైపు చూస్తుంటారు. ఫోటోగ్రాఫర్ కన్ను ఫ్రేములో ఉంటుంది. అసిస్టెంట్ రిఫ్లెక్టర్‌లో వెలుగు ముఖం మీద పడుతోందా లేదా అని చూస్తుంటాడు. డ్రోన్ ఎగరేసే మనిషి స్క్రీనులో ఉంటాడు. అయిదుగురున్నా నేలను చూసే కన్ను ఒక్కటీ లేదు.

దానికి తోడు, వెనక్కి నడక శరీరానికి అలవాటైన పని కాదు. ముందుకు నడుస్తూ తట్టుకుంటే చేతులు అడ్డం పెట్టుకుంటాం. వెనక్కి వేసేటప్పుడు ముందు వేళ్లు ఆనుతాయి, ఆ తర్వాతే బరువు మడమ మీదికి వస్తుంది. మడమ కింద నేల లేదని తెలిసేసరికి ఒళ్లు అప్పటికే వెనక్కి వాలిపోయి ఉంటుంది. ఆపుకోవడానికి చేతికి దొరికేది పక్కన ఉన్న మనిషే. చేతులు పట్టుకుని ఉన్నారు కాబట్టి ఇద్దరూ పోతారు.

అందుకే ఒక్క నియమం: వెనక్కి అడుగు వేయొద్దు. జరగాల్సి వస్తే చేతులు వదలండి, పూర్తిగా తిరగండి, నేల చూసుకుంటూ ముందుకు నడిచి అక్కడికి చేరండి, ఆగండి, అప్పుడు మళ్లీ కెమెరా వైపు తిరగండి. దీనికి అయిదు సెకన్లు పడుతుంది. పోజు చెడిపోతుందని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇక్కడ అడ్డొచ్చేది మొహమాటం. డబ్బిచ్చి పిలుచుకున్న మనిషి, పని తెలిసినవాడు, నాలుగుసార్లు చెప్పించుకోవడం ఏం బాగుంటుంది అనిపిస్తుంది. కాబట్టి షూట్ మొదలుకాక ముందే, బండి దిగగానే చెప్పేయండి: "మేము వెనక్కి నడవం. జరగాలంటే మీరే జరగండి." ఫోటోగ్రాఫర్‌కీ ఇదే వర్తిస్తుంది. జంట నడిచి వస్తుంటే ఎదురుగా వెనక్కి నడుస్తూ వీడియో తీసే మనిషి జంట కన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టు. అతని నడుము మీద చెయ్యి వేసి దారి చూపే మనిషి ఉంటేనే ఆ షాట్ తీయాలి.

లెన్స్ చేసే పనిని కాళ్లతో చేయొద్దు

అంచు దాకా వెళ్లమనడానికి సగం కారణం చిన్న లెన్సే, అంటే మి.మీ. అంకె తక్కువగా ఉండి ఎక్కువ వెడల్పును పట్టే లెన్స్. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాకు 35 మి.మీ. లెన్స్ పెట్టి జంటను తల నుంచి కాళ్ల దాకా నిలువు ఫ్రేములో పట్టాలంటే ఫోటోగ్రాఫర్ రెండున్నర మీటర్ల దూరంలో ఉండాలి. ఆ లెన్స్‌లో వెనకున్న జలపాతం పిల్లకాలువలా చిన్నదైపోతుంది. పెద్దగా కనబడాలని "ఇంకొంచెం వెనక్కి" అంటాడు. అదే 200 మి.మీ. లెన్స్ పెట్టి 14 మీటర్ల దూరం వెళ్తే జంట అంతే సైజులో ఉంటారు, వెనక జలపాతం మాత్రం ఫ్రేమంతా నిండుతుంది. 135 మి.మీ. అయితే తొమ్మిదిన్నర మీటర్లు, 85 అయితే ఆరు. ఫోన్‌తో తీస్తుంటే మూడు రెట్ల జూమ్ పెట్టి అయిదు మీటర్ల అవతలికి వెళ్లండి.

ఇక కెమెరాను మోకాలి ఎత్తుకు దించితే జంట కాళ్లకీ అంచుకీ మధ్య ఉన్న నేల ఫ్రేములో దాదాపు కనబడదు. పది మీటర్లు ఇవతల నిలబడ్డా అంచు మీదే ఉన్నట్టు వస్తుంది. ఈ కిటుకు తెలియని ఫోటోగ్రాఫర్‌తో కొండ మీదికి వెళ్లకపోవడమే మంచిది.

అంచు నుంచి ఎంత దూరం? మనిషి పొడవుకు కనీసం రెట్టింపు, సుమారు మూడున్నర మీటర్లు. తూలి ఒక అడుగు వెనక్కి వేసి వెల్లకిలా పడ్డా తల ఇంకా నేల మీదే ఉండాలి, లెక్క అది. ఆ గీత మీద బ్యాగులు వరసగా పెట్టేయండి. ఫోటోలో కనబడతాయంటే తర్వాత చెరిపేయొచ్చు.

దూరం నుంచి తీస్తే మాట వినబడదు, నీటి హోరులో అసలే వినబడదు. సైగలు ముందే అనుకోండి. పిడికిలి పైకెత్తితే ఎక్కడివాళ్లు అక్కడే ఆగాలి. ఆ పిడికిలి ఎత్తడానికి ఒక మనిషి కావాలి. కెమెరా, ఫోన్, రిఫ్లెక్టర్ ఏదీ చేతిలో లేని మనిషి, నేలను మాత్రమే చూసే మనిషి. చెల్లెలైనా సరే, స్నేహితుడైనా సరే. అతను ఆగమంటే ఫోటోగ్రాఫర్ కూడా ఆగాలి.

వేళ

పొద్దు గుంకే ముందు వెలుతురు బాగుంటుందని అందరూ ఆ వేళే పెట్టుకుంటారు. వెలుగు తగ్గేకొద్దీ తొందర పెరుగుతుంది, నేల కనబడటం తగ్గుతుంది. అంచు దగ్గర, నీళ్ల దగ్గర తీయాల్సినవి మొదటే తీసేయండి, చదును నేల మీద తీసేవి చివరికి ఉంచండి. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే చోటుకు చేరాలి. వీలైతే తెల్లవారుజామున పెట్టుకోండి, అప్పుడు వెలుగు తగ్గదు, పెరుగుతుంది. తలకు పెట్టుకునే టార్చిలైటు ఒకటి తిరుగుదారి కోసం.

నీళ్లు

పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా, వేగంగా ఉంటే పెద్దమనిషిని పడదోస్తుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన వాన పడి ఉండొచ్చు. నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, హోరు పెరగడం: వీటిలో ఏ ఒక్కటి కనబడినా సామాన్లు వదిలేసి గట్టెక్కండి. నల్లగా, ఆకుపచ్చగా తడిసి మెరిసే రాయి మీద కాలు పెట్టొద్దు.

పొడవాటి గౌను, చీర కుచ్చిళ్లు తడిస్తే కాళ్లకు చుట్టుకుంటాయి, ఈత వచ్చినా కాళ్లాడనివ్వవు. నీళ్లలో తీయాలంటే నిలవ నీరు, మోకాలి లోతు, అడుగు ముందే కర్రతో పొడిచి చూసిన చోటు. నీళ్లలోనూ వెనక్కి అడుగు వేయొద్దు, మోకాలి లోతు పక్కనే నిలువు లోతు ఉండొచ్చు.

పడవ ఫోటో కావాలా? గట్టుకు కట్టేసిన పడవలో, లోతులేని చోట, ఇద్దరూ కూర్చుని తీయించుకోండి. కెమెరా కిందికి దించి గట్టు ఫ్రేములో పడకుండా చూస్తే నది మధ్యలో ఉన్నట్టే ఉంటుంది. పడవ కదులుతుంటే లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. పడవ ముక్కు మీద చేతులు చాచి నిలబడే పోజు వద్దు. ఇద్దరూ ఒకే పక్కకు ఒరగొద్దు.

సముద్రం దగ్గర ముందు ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి అలలు ఎంత దూరం వస్తున్నాయో చూడండి. దానికి వీపు పెట్టి నిలబడొద్దు. వెనక్కి అడుగు వేయొద్దన్న మాటకు ఇది అన్నగారు.

పొగా, నిప్పూ

రంగుపొగ గొట్టం నిమిషం, నిమిషంన్నర మండుతుంది, ఆలోగా దాని ఒళ్లు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. చేత్తో పట్టుకోవద్దు. జంటకు మూడు మీటర్ల దూరంలో రాయి మీద పెట్టండి, గాలి పొగను ముఖాల వైపు కాకుండా అవతలికి తోసే పక్క. ఆరిపోయినా బకెట్ నీళ్లలో ముంచాకే ముట్టుకోండి. ఎండుగడ్డి ఉంటే ఆ ఆలోచన మానుకోండి. కారులో, గదిలో అసలే వద్దు. సింథటిక్ బట్ట కాలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది, కాబట్టి కాకరపువ్వొత్తులు పట్టుకునే షాట్‌లో నూలు బట్టలే.

మిగతావి వరసగా

రైలు పట్టాల మీదికి వెళ్లొద్దు. పెట్టెలు పట్టాలకు బయట మూడడుగుల దాకా ఉంటాయి, వేగంగా వచ్చే రైలు ఆగడానికి కిలోమీటరు పైనే పట్టొచ్చు, ఎదురుగా ఉన్నవాళ్లకు చప్పుడు ఆలస్యంగా అందుతుంది. వాడకంలో లేని పట్టాలని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

రోడ్డు మధ్యలో నిలబడొద్దు.

పిట్టగోడ మీద కూర్చోవద్దు. ఆనుకోవద్దు కూడా.

అమ్మాయిని ఎత్తుకుని తిప్పే పోజు గడ్డి మీద మాత్రమే. తడి నేల, మెట్లు, రాళ్లు, వంతెన: వద్దు. వెనక్కి వంచే పోజు కూడా వెనక్కి అడుగు వేయించేదే.

హీల్స్ షాట్‌కి మాత్రమే. నడకకి వేరే చెప్పులు.

లైట్ స్టాండ్ కాలి మీద అయిదు కిలోల ఇసుక సంచి లేకుండా దాని మీది లైటు గొడుగు విప్పొద్దు. గాలి వస్తే అది తెరచాప.

డ్రోన్‌ను చేత్తో పట్టుకోవద్దు. తలల మీదికి తేనివ్వొద్దు.

ఉరుము వినబడిందా, ఆపేయండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు.

చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడతాయి, ఉంగరం జారుతుంది. ఉంగరం ఫోటోలు నీళ్ల దగ్గరకు వెళ్లకముందే, కింద గుడ్డ పరిచి తీయించుకోండి, ఆ తర్వాత ఉంగరాన్ని వేలి నుంచి తీసి భద్రం చేయండి.

గుర్రం వెనక నిలబడొద్దు.

ఫోన్ సిగ్నల్ లేని చోటికి వెళ్తుంటే ఎక్కడికి, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి.

"చివరిగా ఒక్కటి" అని ఎవరైనా అంటే, పోజు ఇవ్వకముందు ఇద్దరూ తల తిప్పి వెనక నేల చూసుకోండి. వెనక్కి అడుగు వేయొద్దు.