యూపో అర్ధపారదర్శక కాగితం మీద వాటర్ కలర్స్ వేయడం ఎలా?

కాగితం అంటారు గానీ యూపోలో గుజ్జు ఉండదు. పాలీప్రొపైలిన్‌తో చేసిన ప్లాస్టిక్ షీటు అది. తెల్ల రకంతో పాటు, వెలుగు అవతలికి వచ్చే మసక రకం కూడా దొరుకుతుంది. ఇక్కడ చెప్పేది ఆ మసక రకం గురించే. ఖరీదని ట్రేసింగ్ పేపర్‌తో సరిపెట్టుకోవద్దు, తడి తగలగానే అది అప్పడంలా వంకర్లు పోతుంది.

ముందు షీటు కడగాలి. వేలి జిడ్డు అంటిన చోట రంగు నిలవదు. నీళ్లలో అంట్లు తోమే లిక్విడ్ చుక్క వేసి తుడిచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఆ తర్వాత అంచులు మాత్రమే పట్టుకోండి. బొమ్మ గీసిన కాగితాన్ని కిందపెట్టి పైన షీటు అంటిస్తే గీతలు కనిపిస్తాయి, షీటు మీద పెన్సిల్ పెట్టే పనే లేదు.

ఇప్పుడు రంగు. బల్ల సమంగా ఉండాలి. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు పక్కపక్కనే వేసి వదిలేయండి. షీటు నీటిని పీల్చదు కాబట్టి రెండూ మడుగు కట్టి, ఒకదాంట్లోకి ఒకటి జారి, అంచున ముదురు గీతగా ఆగుతాయి. బ్రష్‌తో సర్దబోతే ఆ అందం పోతుంది. నీరు గాల్లోకే పోవాలి గనక వానాకాలంలో గంటలు పడుతుంది. అలాగని హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెట్టకండి, వేడికి షీటు వంగిపోతుంది.

మెరుపు తగ్గి ఇంకా తడి ఉండగానే సర్జికల్ స్పిరిట్ ఒక్క చుక్క వేసి చూడండి. రంగు చుట్టూ పక్కకు తప్పుకుని, మధ్యలో లేత వలయం మిగులుతుంది. నచ్చకపోతే తడి టిష్యూతో తుడిచేయండి. దాదాపు మొదటికి వచ్చేస్తుంది, థాలో బ్లూ లాంటివి మాత్రం కాస్త మరక వదులుతాయి. ఇలా తేలిగ్గా చెరిగిపోయే గుణమే రెండో పూతకు ఇబ్బంది. ఒకే చోట బ్రష్ రెండుసార్లు తిప్పితే కింద రంగు లేచొస్తుంది. బ్రష్ ఒక్కసారి లాగి ఆపేయాలి.

అసలు సరదా వెనక వైపు ఉంది. నిమ్మలకుంట తోలుబొమ్మలకు రెండు వైపులా రంగు వేస్తారు, దీపం వెనక నుంచి వెలుగుతుంది కదా. ఇక్కడా అంతే. ముందు వైపు పూర్తిగా ఆరాక, రంగు బల్లకు రాసుకోకుండా అంచుల కింద అట్టముక్కలు పెట్టి షీటు తిప్పండి. వెనక పసుపు రంగు వేస్తే ముందు నుంచి మెత్తగా కనిపిస్తుంది. మధ్యమధ్యలో కిటికీకి పట్టి చూడండి. వెలుగును అడ్డుకునే కాడ్మియం ఎరుపు అక్కడ నల్లబడి దిగాలుగా ఉంటుంది, క్వినాక్రిడోన్ గులాబీ వెలిగిపోతుంది.

ఆరినా నీటిచుక్క పడితే రంగు కరుగుతుంది. అందుకే ఆరుబయట, దూరం నుంచి, స్ప్రే వార్నిష్ పలచగా రెండు మూడు సార్లు కొట్టాలి. మొదటి పూత తడిసేలా కొడితే రంగులు కారిపోతాయి. కిటికీలో వేలాడదీయాలనుకుంటే అలిజరిన్ క్రిమ్సన్ జోలికి పోకండి, ఎండకు వెలిసిపోయే రంగు అది.