సేల్ మొదలవ్వకముందే ఫోన్‌లో సర్దుకోవాల్సినవి

పెద్ద సేల్ వస్తోందనగానే "ఈసారి అనవసరంగా ఏమీ కొనను" అని గట్టిగా అనుకుంటాం. రాత్రి పదకొండింటికి పడుకుని ఫోన్ చూస్తున్నప్పుడు ఆ మాట గుర్తుండదు. అందుకే మనసును నమ్ముకోకుండా, తీరిగ్గా ఉన్నప్పుడే ఫోన్‌ను సరిచేసి పెట్టుకోవాలి.

నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడుతుంది. వేలిముద్రతో కడితే డబ్బు పోయినట్టే అనిపించదు. డ్రేజన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే పరిశోధకులు బాస్కెట్‌బాల్ టికెట్లు వేలం పెట్టి చూసి, ఫలితాలను 2001లో ప్రచురించారు. క్రెడిట్ కార్డుతో కట్టమన్నవాళ్లు, నగదు కట్టమన్నవాళ్ల కంటే దాదాపు రెట్టింపు ధర పాడారు. అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేని రోజుల మాట ఇది.

ముందుగా షాపింగ్ యాప్‌లలో, బ్రౌజర్‌లో సేవ్ అయిన కార్డు వివరాలు తీసేయండి. ప్రతిసారీ లేచి, పర్సు వెతికి, అంకెలన్నీ కొట్టాలంటే చాలా కోరికలు అక్కడే చల్లారిపోతాయి. బద్ధకం మనకు మేలు చేసే సందర్భం బహుశా ఇదొక్కటే.

తర్వాత డబ్బును విడదీయండి. జీతం, పొదుపు ఉన్న ఖాతాను చెల్లింపుల యాప్‌కు తగిలించొద్దు. వేరే ఖాతాలో వారానికోసారి ఖర్చు డబ్బులు వేసుకోండి. వారం మధ్యలోనే అయిపోయాయా, అయిపోయినట్టే. అసలు ఖాతా నుంచి తెచ్చుకోవడం మొదలుపెడితే ఈ ఏర్పాటంతా దండగ. రోజువారీ పరిమితి తగ్గించుకునే వీలుంటే అదీ చేయండి.

ఆఫర్ల నోటిఫికేషన్లు ఆపేయండి. డబ్బు కట్ అయినట్టు వచ్చే మెసేజ్‌ను మాత్రం ఆపొద్దు.

ఏదైనా నచ్చితే కాగితం మీద పేరు, ధర, తేదీ రాసి ఒక రోజు ఆగండి. కార్ట్‌లో పెడితే యాప్ గుర్తుచేస్తూనే ఉంటుంది. "ఇంకా రెండే ఉన్నాయి" అన్న మాటకు, తెర మీద పరుగెత్తే గడియారానికి టెన్షన్ పడొద్దు. అవి పెట్టిందే మనల్ని తొందరపెట్టడానికి.

ఇప్పుడు కొని తర్వాత కట్టే బటన్ జోలికి అసలు పోవద్దనే నా సలహా. ఒక్కో వాయిదా చిన్నదే. నాలుగు చోట్ల పెట్టుకుంటే వచ్చే నెల జీతం చేతికి రాకముందే ఖర్చయిపోతుంది. గడువు దాటితే చాలా సంస్థలు ఆలస్య రుసుము కూడా వేస్తాయి.

తమ్ముడికో చెల్లెలికో ఈ విషయంలో సాయం చేస్తున్నారా? వాళ్ల ఫోన్ లాక్కుని స్టేట్‌మెంట్ చదవొద్దు. పోయిన నెల కొన్నవాటిలో ఇప్పటికీ వాడుతున్నవేంటో వాళ్లనే చూసుకుని టిక్ పెట్టుకోమనండి. మీరు పక్కన కూర్చుంటే చాలు.