అడగొద్దు, చూడండి: గాయపడిన సైనికులతో పరుగుకు ముందు

పోయిన సీజన్‌లో మేం నిర్వహించిన పది కిలోమీటర్ల చారిటీ రన్‌లో ఒక మాజీ సైనికుడు ఫినిష్ లైన్ దాటారు. ఎడమ మోకాలి కింద కృత్రిమ కాలు. చప్పట్లు, మెడల్, ఫొటోలు అన్నీ అయ్యాయి. అరగంట తర్వాత టెంట్‌లో కూర్చుని కాలు విప్పితే లైనర్‌లోంచి, అంటే లోపల తొడిగే మెత్తటి తొడుగులోంచి, చెమట, దాంతోపాటు రక్తం కారింది. స్టంప్ (తెగిన కాలిలో మిగిలిన భాగం) చివర బొటనవేలి గోరంత మేర చర్మం లేచిపోయింది. ఆరు వారాలు ఆయన ఆ కాలు తొడగలేకపోయారు.

తప్పు పూర్తిగా మాదే. ఆరో కిలోమీటరు దగ్గర ఆయన అడుగు కాస్త పక్కకు పడుతోందని పక్కనున్న వాలంటీరు గమనించాడు. "బాగానే ఉన్నారా సార్?" అని అడిగాడు. "ఫస్ట్ క్లాస్" అన్నారాయన. అంతే, వదిలేశాం.

మళ్లీ పరుగుల సీజన్ వస్తోంది కాబట్టి ఇది రాస్తున్నాను. నీళ్లు తాగండి, కొత్త బూట్లతో పరిగెత్తకండి లాంటివి మీకు తెలిసినవే. వాటి జోలికి వెళ్లను. ఎంతోమందిని మంచాన పడేసిన తప్పు నేను చూసినంతలో ఒక్కటే: అడిగి, జవాబు నమ్మి ఊరుకోవడం. నొప్పి ఉన్నా నోరెత్తకుండా పని పూర్తిచేయడం ఈ సైనికులకు వృత్తి నేర్పిన అలవాటు. పైగా చాలామందికి గాయమైన చోట స్పర్శ సరిగా ఉండదు. "బాగానే ఉంది" అన్నప్పుడు వాళ్లు అబద్ధమాడుతున్నారనుకోకండి, నిజంగానే తెలియదు. అందుకే అడగొద్దు, చూడండి.

కృత్రిమ కాలు, బ్లేడ్ (పరుగు కోసం వాడే వంపు తిరిగిన కృత్రిమ కాలు) ఉన్నవాళ్లు

లైనర్‌కి గాలి ఆడదు. చెమట లోపలే నిలుస్తుంది, చర్మం నానుతుంది, సాకెట్ (స్టంప్ దూర్చే గిన్నె లాంటి భాగం) జారడం మొదలవుతుంది. ప్రతి అడుగుకీ పైకీ కిందకీ ఒరుసుకుంటుంది. దానికి తోడు పరిగెత్తేకొద్దీ స్టంప్ పరిమాణం మారుతుంది, పొద్దున బిగుతుగా ఉన్న సాకెట్ గంట తర్వాత వదులవుతుంది. కాబట్టి రూట్‌లో ముందే రెండు మూడు చోట్ల కుర్చీ, పొడి టవల్, స్టంప్‌కి తొడిగే అదనపు సాక్సులు పెట్టండి. నొప్పి ఉన్నా లేకున్నా అక్కడ కాలు విప్పాలి, తుడవాలి, చూడాలి. ఈ నియమం పరుగుకు ముందు రోజే ఒప్పించుకోండి, దారిలో బేరం కుదరదు. విప్పాక పది పదిహేను నిమిషాలైనా ఎర్రగా కందిన చోటు మామూలు రంగుకు రాకపోతే ఆ రోజుకు పరుగు అయిపోయినట్టే. నల్లని చర్మం మీద ఎరుపు కనబడదు, చేత్తో తాకి వేడి, గట్టిదనం చూడాలి.

వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు గాయానికి దిగువన చెమట సరిగా పట్టదు. ఒళ్లు చల్లబడే దారి అక్కడ మూసుకుపోయినట్టే. తాగడానికి నీళ్లిస్తే చాలదు, స్ప్రే బాటిల్‌తో ముఖం, చేతులు, మెడ తడపాలి.

ఇంకో ప్రమాదం మన కళ్లనే మోసం చేస్తుంది. వెన్నులో ఛాతీ మధ్య, అంటే టి6 పూస దగ్గర గానీ దానికి పైన గానీ గాయమైనవాళ్లకు మూత్రాశయం నిండినా, పట్టీ బిగుసుకున్నా, కింద పుండు ఒత్తుకున్నా బీపీ ఉన్నట్టుండి పైకి ఎగబాకుతుంది. పేరు ఆటోనమిక్ డిస్‌రెఫ్లెక్సియా. తల పగిలేలా నొప్పి, ఎర్రబడిన ముఖం, నుదుటి మీద చెమట. చూసేవాళ్లకి అది గట్టిగా శ్రమిస్తున్న మనిషి ముఖంలా ఉంటుంది! "కమాన్, కమాన్" అని అరుస్తారు. అరవకండి. నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. పట్టీలు, బూట్ల లేసులు వదులు చేయండి. మూత్రం బయటికి తెచ్చే క్యాథెటర్ ట్యూబ్ మెలిపడిందేమో, బ్యాగ్ నిండిందేమో చూడండి. వెంటనే తగ్గకపోతే అంబులెన్స్ పిలవండి, మెదడులో స్ట్రోక్ దాకా వెళ్లే ప్రమాదం ఇది.

1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల వైద్యుడు డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ 16 మంది గాయపడిన మాజీ సైనికులకు విలువిద్య పోటీ పెట్టారు. పారాలింపిక్స్‌కి మూలం అదే. విల్లు చేతికివ్వడానికి ముందు, ఒంటి మీద పుండ్లు పడకుండా రోగుల్ని రెండు గంటలకోసారి పక్కకు తిప్పించిన డాక్టరాయన. మనవాళ్లు విల్లు సంగతే గుర్తుపెట్టుకుంటారు.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

- గాయపడిన మనిషి పరిగెత్తే దూరానికి విరాళం ముడిపెట్టకండి. "ఆయన ఒక్కో కిలోమీటరుకీ ఇంత" అన్నారంటే ఆయన ఇక ఆగరు. కిలోమీటర్ల లెక్క వాలంటీర్ల మీద పెట్టండి.
- "ఇంకొక్క కిలోమీటరే" అన్న మాట నిషేధం.
- స్టార్టింగ్ గన్ వద్దు. బాణసంచా వద్దు. బెలూన్లు పగలగొట్టొద్దు.
- వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేయకండి. పేలుడులో గాయపడినవాళ్లలో చాలామందికి వినికిడి తగ్గి ఉంటుంది, మీరు పిలిచినా వినబడదు.
- అడక్కుండా వీల్‌చైర్ తొయ్యకండి. ఇక్కడ మాత్రం అడగాలి.
- చూపు లేనివారికి తోడుగా పరిగెత్తే గైడ్, తాడు పట్టుకుని వాళ్లను ముందుకు లాగకూడదు. పక్కనే ఉండాలి.
- అందరినీ పరుగులోకే దించకండి. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ అంతకుముందు బాక్సర్, 1972 పారాలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది ఈతలో.
- ఆపే అధికారం ఒక్కరికే ఇవ్వండి. ఆ ఒక్కరు పరిగెత్తేవారి స్నేహితుడు కాకూడదు, స్పాన్సర్ అసలే కాకూడదు.
- ఫొటోలు తర్వాత. ముందు కాలు విప్పించండి.
- మర్నాడు, ఆ మర్నాడు కూడా ఫోన్ చేయండి. ఎలా ఉన్నారని అడగడానికి కాదు. వీడియో కాల్ చేసి స్టంప్ చూపించమనండి.