అప్పడాల పీట దగ్గర పాఠం: ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్లకు శిక్షణ ఇచ్చే పద్ధతి

రోజువారీ పనులు చేయించడం ద్వారా రోగి కోలుకొనేలా చేసే చికిత్స ఆక్యుపేషనల్ థెరపీ. అందులో అసిస్టెంటుగా శిక్షణ పొందడానికి వచ్చినవారికి ముందు కొన్ని నెలలు మానసిక ఆరోగ్య పాఠాలు చెప్పి, అవి ముగిశాక వార్డుకు పంపడం బోధించేవారికి సులువైన పద్ధతి. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాలలో తెలుగు పిల్లలకు శిక్షణ ఇచ్చేవారు ఈ వరుసను వదిలిపెట్టాలని నా అభిప్రాయం. రోగిని చూడనివారికి ‘చొరవ తగ్గడం’ అన్నది పరీక్షలో రాసే రెండు మాటలు మాత్రమే. పొద్దున్న పదింటికి కూడా పళ్లు తోముకోకుండా మంచం మీద కూర్చున్న మనిషి పక్కన అరగంట గడిపినవారు మధ్యాహ్నం అదే మాటను పుస్తకంలో చదివితే మరిచిపోరు. అందువల్ల మొదటి వారం నుంచే ఉదయం వార్డు, మధ్యాహ్నం పాఠం పెట్టుకోవాలి.

అసిస్టెంటు పని హద్దును తొలిరోజే చెప్పాలి. రోగి స్థితిని అంచనా వేసి ప్రణాళిక రాయడం థెరపిస్టు బాధ్యత. దాని ప్రకారం పని చేయించడం, గమనించడం, తెలియజేయడం అసిస్టెంటు బాధ్యత. అమెరికాలో ఈ అసిస్టెంట్లకు రెండో అంచె క్షేత్రశిక్షణ, అంటే రోగుల మధ్య పని చేస్తూ నేర్చుకునే దశ, కనీసం 16 వారాలు ఉంటుంది. క్షేత్రశిక్షణలో ఒక భాగమైనా మానసిక, సామాజిక అంశాల మీద జరిగి తీరాలి. వారాల లెక్కను మనం యథాతథంగా దించుకోనక్కరలేదు గాని, మానసిక విభాగాన్ని ఇష్టమైతే చదివే పాఠంగా వదలకూడదన్న నియమం మాత్రం తీసుకోదగినది.

పనిని విడదీసి చూడడం నేర్పడానికి బరంపురంలో అప్పడాలను మించిన సాధనం నాకు కనబడలేదు. ముందుగా శిక్షణార్థుల చేతనే మినపపిండి కలిపించి, ఉండలు చేయించి, పీట మీద ఒత్తించి, ఎండబెట్టించాలి. ఏ దశలో ఎంత బలం, ఎంత ధ్యాస, పక్కవారితో ఎంత సర్దుబాటు కావలసివచ్చిందో వారే రాయాలి. ఆ తరువాతే రోగి దగ్గరకు వెళ్లాలి. దిగులుతో కుంగినవారి ముందు ఇరవై ఉండలు పెడితే చూడగానే నీరసపడతారు, మూడు పెడితే ఒకటైనా ఒత్తుతారు. చెవిలో మాటలు వినబడుతున్నవారిని సందడి మధ్య కాక గది అంచున కూర్చోబెట్టాలి. మందుల పాఠం కూడా ఇక్కడే చెప్పాలి. లిథియం వాడేవారి చేయి సన్నగా వణకవచ్చు, హాలోపెరిడాల్ వల్ల చేతులు బిగుసుకోవచ్చు, క్లోర్‌ప్రొమజైన్ తీసుకునేవారి చర్మం ఎండకు తొందరగా కమిలిపోవచ్చు కనుక అప్పడాలు ఆరబెట్టే పని వారికి అప్పగించకూడదు. కత్తి, కత్తెర, సూది వంటివి పనికి ముందు ఎన్ని ఇచ్చారో, తరువాత ఎన్ని తిరిగి వచ్చాయో లెక్కపెట్టి పుస్తకంలో రాయించడం ఒక్కరోజు కూడా మానకూడదు.

నా మొదటి బ్యాచ్‌లో ఒక అమ్మాయి, రోగి ఒత్తిన అప్పడం వంకరగా వస్తోందని కర్ర తానే తీసుకొని చకచకా ఒత్తేసింది. నేను చూసి మెచ్చుకున్నాను కూడా. ఆ పూట అప్పడాలన్నీ గుండ్రంగా వచ్చాయి గాని రోగి చేసిందేమీ లేదు. అప్పటినుంచి శిక్షణార్థులు చేతులు వెనక్కి కట్టుకొని మనసులో పది లెక్కపెట్టాలని నియమం పెట్టాను. ఆ తరువాత మాటతో, అది చాలకపోతే సైగతో, అదీ చాలనప్పుడే చేయి పట్టి సాయం చేయాలి.

భాష విషయంలో ఈ జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి ఆసుపత్రిలో ఒడియాలో జవాబిస్తాడు. గునుపూర్ వైపు కొండల నుంచి వచ్చినవారికి సవర తప్ప మరొకటి హాయిగా రాకపోవచ్చు. ‘మీకు డిప్రెషన్ ఉందా’ అని అడిగితే లేదంటారు. ‘అప్పా, నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా’ అని అడిగితే తల బరువు, గుండె దడ వరుసగా బయటికి వస్తాయి. రోగి అన్న మాటను అన్నట్టే రాసుకొమ్మని చెప్పాలి.

రాత కూడా అంతే ముఖ్యం. ‘మొండిగా ఉంది’ అని రాసిన కాగితాన్ని వెనక్కి ఇచ్చేయండి. ‘మూడు ఉండలలో ఒకటి ఒత్తింది, రెండోది చేతిలో పట్టుకొని నాలుగు నిమిషాలు గోడవైపు చూసింది, పేరు పెట్టి పిలిస్తే తిరిగింది’ అన్న రాత థెరపిస్టుకు పనికివస్తుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మూడు సంగతులు కంఠతా రావాలి: రోగి వివరాలు బయటపెట్టకూడదు, గొలుసులతో కట్టకూడదు, బలవంతంగా పని చేయించకుండా, చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. చికిత్స పేరుతో ఒత్తించిన అప్పడాలను అమ్ముకొని రోగికి పైసా ఇవ్వకపోవడం ఈ మూడోదాని కిందకే వస్తుంది. ఊళ్లో ఎవరినైనా కట్టి ఉంచడం చూస్తే ఇంటివారితో వాదించకుండా ఆ రోజే పర్యవేక్షకునికి చెప్పాలి. చనిపోవాలనిపిస్తోందని రోగి చెబితే ఆ మాట ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టకూడదు. ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి వెంటనే పెద్దలను పిలిపించాలి. ఇంటికి వెళ్లినవారికి 2022లో మొదలైన టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ నంబరు 14416 రాసి ఇవ్వాలి; అందులో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.

చివరి పరీక్ష వార్డులో కాక, డిశ్చార్జి అయిన రోగి ఇంట్లో, వారి అనుమతితో పెట్టండి. అక్కడ ఆసుపత్రి పీట ఉండదు, వెలుతురు చాలదు, అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తుంటుంది. ఉన్న చెక్కనే సరిచేసి, ఆ అత్తగారినీ ఒక ఉండ చేయమని శిక్షణార్థి అడగగలిగితే, ఆ పేరు పక్కన ఉత్తీర్ణత రాయండి.