లేఅవుట్ దరఖాస్తుకు ముందు నేల పరిశీలన: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

కొత్తగా లేఅవుట్ వేసేవాళ్లు చాలామంది ముందు ప్లాట్లు గీయించి, తర్వాత అనుమతికి పెట్టి, చివర్లో పునాది తవ్వేటప్పుడు నేల ఎలాంటిదో చూస్తారు. ఈ వరుస తిరగబడాలి. రోడ్డు ఎటు పోవాలి, పార్కు స్థలం ఎక్కడ వదలాలి, ఏ మూలలో ఇల్లు అసలు కట్టకూడదు అన్నవి నేలను చూశాకే తేలతాయి. ప్లాను గీశాక, అడ్వాన్సులు తీసుకున్నాక నేల బాగాలేదని తెలిస్తే వెనక్కి తగ్గే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకే కిందివి ప్లాను గీయడానికి ముందే పూర్తి చేయండి.

మొదట రికార్డులు

మీభూమి పోర్టల్‌లో 1-బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు)తో పాటు ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ పటం కూడా తీసుకోండి. పాత ఆర్‌ఎస్‌ఆర్‌లో (రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో) ఆ సర్వే నంబరును ఏమని రాశారో రెవెన్యూ కార్యాలయంలో అడగండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందో లేదో కూడా అప్పుడే తెలుసుకోవాలి. గ్రామ పటంలో గెడ్డ (వాగు), చెరువు, కాలువ ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకుని, ఆ పటంతోనే పొలంలోకి వెళ్లండి. దున్ని చదును చేసిన గెడ్డ కంటికి కనిపించదు, కానీ పెద్ద వాన పడితే నీళ్లు ఆ దారినే వస్తాయి.

రాష్ట్ర భవన నిర్మాణ నియమాల్లో వదలాల్సిన దూరాలు ఇవి: 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, కాలువలకు 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పుంటే 2 మీటర్లు. నదికి పట్టణ పరిధిలో 50, బయట 100 మీటర్లు. హద్దు ఎక్కడుందో మీరే అనుకోకండి. జలవనరుల శాఖకు దరఖాస్తు పెట్టి కొలిపించి, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోండి.

నా దృష్టిలో ఈ దూరాలు కనీసం మాత్రమే. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. మన ఊళ్లో ఎండ కాస్తున్నా పైన గట్టిగా కురిస్తే ఇక్కడ వరద. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత వంశధార ఎంతవరకు వచ్చిందో ఒడ్డు ఊళ్లవాళ్లు గోడల మీద చూపించగలరు. ఆ ఎత్తును సర్వేయర్‌తో కొలిపించి ప్లానులో వేయించండి. సోంపేట వైపు బీల, తీరం వెంబడి తంపర, ఆవ లాంటి నీళ్లు నిలిచే పల్లపు భూములు తక్కువ ధరకు వచ్చాయని మట్టి పోసి ప్లాట్లు చేయడం మాత్రం వద్దు. నీళ్లు నిలిచే చోటును పూడిస్తే ఆ నీళ్లు పక్క ఊరి మీద పడతాయి. సముద్రానికి దగ్గరైతే 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి) నోటిఫికేషన్ పరిధి కూడా చూసుకోవాలి.

కొండ పక్క స్థలమైతే

ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి. పొరలు పొరలుగా ఉంటుంది, ఎండకూ వానకూ మెత్తబడి బంకమట్టిలా మారుతుంది. ఆ పొరలు లోయ వైపు వాలి ఉన్నచోట కొండ అడుగు తవ్వి ప్లాట్లు చేస్తే, పైన ఉన్న పొరకు ఆధారం పోయి వానల్లో జారే ప్రమాదం ఉంది. చార్నొకైట్ కొండల్లో పెద్ద పెద్ద గుండ్రాళ్లు మట్టి మధ్యలో నిలబడి ఉంటాయి. మట్టి కొట్టుకుపోతే అవి దొర్లుతాయి. కాబట్టి జియాలజిస్టును తీసుకెళ్లి పొరల వాలు ఎటో కొలిపించండి. పాత జారుడు గుర్తులు, వంగిన చెట్లు, కొత్తగా పుట్టిన ఊటలు ఏమైనా ఉన్నాయేమో చూపించండి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వారి భూకోశ్ పోర్టల్‌లో శిలల పటాలు, కొండచరియల ముప్పు పటాలు ఉచితంగా దొరుకుతాయి. పటం చూశాక కూడా మనిషి వెళ్లి చూడాల్సిందే.

టెక్కలి పరిసరాల్లో గ్రానైట్ క్వారీలు, గరివిడి, గర్భాం వైపు మాంగనీసు గనులు ఉన్నాయి. వదిలేసిన గొయ్యిని పూడ్చిన నేల ఏళ్ల తరబడి కుంగుతూ ఉంటుంది. గనుల శాఖలో పాత లీజుల వివరాలు అడగండి, గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు తిరగేయండి.

మట్టి పరీక్ష

మట్టి పరిశీలనకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1892 ప్రకారం సుమారు ఎకరం, అంటే 0.4 హెక్టారు నిర్మాణ స్థలానికి నాలుగు మూలల్లో ఒక్కొక్కటి, మధ్యలో ఒకటి మట్టి నమూనాల కోసం బోరు వేయాలి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌తో చేయించండి. నల్లరేగడి అయితే ఉబ్బే గుణం పరీక్ష తప్పనిసరిగా అడగండి. జల్లించిన మట్టిని ఒక గాజు గొట్టంలో నీళ్లలో, ఇంకొక దాంట్లో కిరోసిన్‌లో 24 గంటలు ఉంచి, నీళ్లలోది ఎంత ఎక్కువ ఉబ్బిందో కొలుస్తారు. ఆ తేడా 50 శాతం దాటితే మామూలు పునాది మీద ఆశ పెట్టుకోకండి.

భూకంపాల విషయానికొస్తే, భూకంపాలను తట్టుకునే నిర్మాణాల ప్రమాణం ఐఎస్ 1893 (2016) పటంలో ఈ జిల్లాలు రెండో జోన్‌లో, అంటే తక్కువ ముప్పున్న ప్రాంతంలో ఉన్నాయి. అయినా 1917లో విజయనగరం దగ్గర సుమారు 5.5 తీవ్రతతో భూమి కంపించింది. స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఈ సంగతి చెప్పండి.

దరఖాస్తు

ఇవన్నీ చేతికొచ్చాక లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్‌తో ప్లాను గీయించి, లేఅవుట్, భవన అనుమతులు ఇచ్చే ఏపీ డీపీఎంఎస్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టించండి. స్థలం ఏ మండలంలో ఉందో దాన్ని బట్టి ఫైలు వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంతీయాభివృద్ధి సంస్థ), శ్రీకాకుళం లేదా బొబ్బిలి పట్టణాభివృద్ధి సంస్థ, లేదంటే పట్టణ ప్రణాళికా విభాగం చూస్తుంది. హక్కు పత్రాలు, ఈసీ (భూమి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ఎఫ్‌ఎంబీ, ఎత్తుపల్లాల సర్వే, ఎన్‌వోసీలతో పాటు జియాలజిస్టు నివేదిక, మట్టి పరీక్ష ఫలితాలు కూడా అప్‌లోడ్ చేయించండి. ఎవరూ అడగలేదని వాటిని పక్కన పెట్టకండి. స్థల తనిఖీకి అధికారులు వచ్చినప్పుడు గెడ్డ హద్దు, వరద మట్టం మీరే చూపించండి. దాచిన విషయం తర్వాత బయటపడితే నష్టపోయేది ప్లాటు కొన్నవాళ్లే.

నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటినా, టౌన్‌షిప్ 50 హెక్టార్లు దాటినా 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి. దానికి పరివేశ్ పోర్టల్‌లో విడిగా దరఖాస్తు చేయాలి. ఆ నోటిఫికేషన్‌లోని ఫారం-1 ఆ స్థలానికి భూకంపం, నేల కుంగడం, కొండచరియలు, కోత, వరద ముప్పు ఉందా అని నేరుగా అడుగుతుంది. "లేదు" అని రాసే ముందు పై నివేదికలు ఒకసారి చదవండి.

500 చదరపు మీటర్లు మించిన లేఅవుట్‌ను ఏపీ రెరాలో (రాష్ట్ర రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, అడ్వాన్సు తీసుకోకూడదు. కొనేవాళ్లు రెరా నంబరుతో ఆగకుండా మట్టి పరీక్ష నివేదిక చూపించమని అడగండి. అమ్మేవాళ్లు చూపించకపోతే, అనుమతి ఇచ్చిన కార్యాలయానికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి ఫైలులో ఉన్న నివేదికల నకళ్లు కోరవచ్చు. సాధారణంగా 30 రోజుల్లోగా వాళ్లు జవాబివ్వాలి. ఆ జవాబు వచ్చేదాకా అడ్వాన్సు కట్టకండి.