చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరిగితే: పరీక్ష, చికిత్స, తిరిగి రాకుండా జాగ్రత్తలు

భోజనం చేసిన గంట, గంటన్నరలోపే కడుపు ఉబ్బరించడం, త్రేన్పులు, పొట్టలో గుడగుడలు, కొందరిలో నీళ్ల విరేచనాలు, మరికొందరిలో మలబద్ధకం అనే లక్షణాలతో ఆస్పత్రికి వచ్చేవారిలో చాలామంది అప్పటికే నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటూ ఉంటారు. వారిలో కొందరికి అసలు ఇబ్బంది చిన్నపేగులో ఉండవలసిన దానికంటే ఎక్కువగా బ్యాక్టీరియా పెరగడం. వైద్యులు దీనిని సంక్షిప్తంగా సిబో (స్మాల్ ఇంటెస్టైనల్ బ్యాక్టీరియల్ ఓవర్‌గ్రోత్) అంటారు. ఇది యాంటీబయాటిక్‌తో తగ్గే సమస్యే, కానీ ఎందుకు వచ్చిందో తేల్చకుండా మందు మాత్రమే వాడితే కొన్ని నెలల్లో తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. కారణాన్ని వెతకడం చికిత్సలో మొదటి భాగమని నమ్మి ఈ వివరాలు రాస్తున్నాను.

ఆరోగ్యవంతుల చిన్నపేగులోనూ బ్యాక్టీరియా ఉంటుంది, అయితే పెద్దపేగుతో పోలిస్తే చాలా తక్కువ. ఆహారంతో, లాలాజలంతో లోపలికి వెళ్లే సూక్ష్మజీవులలో చాలా భాగాన్ని జీర్ణాశయంలోని ఆమ్లం చంపేస్తుంది. పైత్యరసం, క్లోమరసం మిగిలినవాటిని అదుపులో ఉంచుతాయి. చిన్నపేగు పెద్దపేగును కలిసేచోట ఉన్న కవాటం అవతలి బ్యాక్టీరియాను వెనక్కి రానివ్వదు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది పేగు కదలిక. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 90 నుంచి 120 నిమిషాలకు ఒకసారి జీర్ణాశయం నుంచి చిన్నపేగు చివరి వరకు ఒక బలమైన సంకోచ తరంగం సాగి, వంట ముగిశాక వంటిల్లు ఊడ్చినట్టు, మిగిలిన ఆహారపు తునకలనూ బ్యాక్టీరియానూ ముందుకు నెట్టేస్తుంది. ఏదైనా తినగానే ఈ తరంగం ఆగిపోతుంది.

ఈ ఏర్పాట్లలో ఏది దెబ్బతిన్నా బ్యాక్టీరియా చిన్నపేగులోనే స్థిరపడి, మన ఒంటికి పట్టవలసిన పిండిపదార్థాలను ముందుగా తానే పులియబెడుతుంది. ఉబ్బరానికి మూలం అక్కడ పుట్టే వాయువులే. ఉధృతి ఎక్కువైతే అది పైత్య లవణాలను విడగొట్టడం వల్ల కొవ్వు సరిగా అరగక మలం జిడ్డుగా, దుర్వాసనతో వస్తుంది, బరువు తగ్గుతుంది, ఎ, డి, ఇ విటమిన్లు లోపిస్తాయి. బి12 విటమిన్‌ను బ్యాక్టీరియా తానే వాడేసుకుంటుంది, ఫోలేట్ అనే మరో బి విటమిన్‌ను మాత్రం తయారుచేస్తుంది. అందువల్ల రక్తపరీక్షలో బి12 తక్కువగా, ఫోలేట్ మామూలుగా లేదా ఎక్కువగా కనిపిస్తే వైద్యుడు సిబో గురించి ఆలోచిస్తాడు. అది ఒక సూచన మాత్రమే. మన దగ్గర శాకాహారుల్లోనూ, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్న మధుమేహ రోగుల్లోనూ బి12 తగ్గడం మామూలే.

ఎవరిని అనుమానించాలి

కడుపు ఉబ్బరం ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయించనవసరం లేదు. పేగు కదలికనో నిర్మాణాన్నో దెబ్బతీసే కారణం ఒకటి ఉన్నప్పుడే అనుమానానికి బలం వస్తుంది. చాలాకాలంగా అదుపు తప్పిన మధుమేహం వల్ల పేగు నరాలు దెబ్బతిన్నవారు, చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే స్క్లెరోడెర్మా ఉన్నవారు, జీర్ణాశయానికో పేగులకో ఆపరేషన్ జరిగినవారు, బరువు తగ్గే శస్త్రచికిత్సలో బైపాస్ చేయించుకున్నవారు, పొట్టకు రేడియేషన్ తీసుకున్నవారు, దీర్ఘకాలిక క్లోమవాపు, పేగులు వాచి పుండ్లు పడే క్రోన్స్ వ్యాధి, కాలేయ సిరోసిస్ ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. నొప్పికి నల్లమందు జాతి మాత్రలు రోజూ వాడేవారినీ ఇందులోనే చేర్చాలి. మన దేశంలో మరచిపోకూడనిది పేగు క్షయ. క్షయ వల్ల చిన్నపేగు కొన్నిచోట్ల ఇరుకవుతుంది, ఆ ఇరుకుకు పైభాగంలో ఆహారం నిలిచి బ్యాక్టీరియా పెరుగుతుంది. అటువంటి రోగికి సిబో మందు ఇస్తే కొన్నాళ్లు తెరిపి కలిగి, అసలు జబ్బు లోలోపల ముదిరిపోతుంది. సాయంత్రపు జ్వరం, ఆకలి మందగించడం, మెలిపెట్టే నొప్పి, పాత క్షయ చరిత్ర ఉంటే స్కానింగ్, కొలనోస్కోపీ ముందు జరగాలి.

పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు ఆమ్లాన్ని తగ్గిస్తాయి కనుక, దీర్ఘకాలం వాడితే సిబో అవకాశం కొంత పెరుగుతుందని అనేక అధ్యయనాలు సూచించాయి. అలాగని ఆ మాత్ర వేసుకునేవారంతా లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయించుకోవాలని కాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2020 మార్గదర్శకాలు అటువంటి పరీక్షను సిఫారసు చేయలేదు. మాత్ర నిజంగా అవసరమా అని వైద్యుడిని అడగడం మాత్రం తప్పనిసరి. గుండె జబ్బుకు ఆస్పిరిన్, రక్తం పలుచబరిచే మందులు వాడేవారికి, జీర్ణాశయంలో పుండు ఉన్నవారికి అది రక్షణ కావచ్చు. ఒక్కసారిగా మానేస్తే ఆమ్లం ఎగదన్ని మంట ఎక్కువవుతుంది కాబట్టి మోతాదును మెల్లగా తగ్గించడమే మంచిది.

పరీక్షకు వెళ్లే ముందు ఇంట్లో ఉన్న మందుల పెట్టెను ఒకసారి చూసుకోవాలి. మెట్‌ఫార్మిన్ స్వయంగా విరేచనాలు, ఉబ్బరం తెస్తుంది. షుగరుకు మన వైద్యులు విరివిగా రాసే వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు పిండిపదార్థాలను అరగనివ్వకుండా పెద్దపేగుకు పంపి అక్కడ గ్యాస్ పుట్టిస్తాయి. పాలు పడకపోవడం దక్షిణ భారతంలో పెద్దలలో సర్వసాధారణం. రెండు వారాలు పాలు, టీ, కాఫీ మానేసి చూస్తే ఖర్చు లేకుండానే తేలిపోతుంది. జియార్డియా పరాన్నజీవి కోసం మల పరీక్ష, థైరాయిడ్ పరీక్ష, గోధుమ పడని సీలియాక్ వ్యాధికి రక్తపరీక్ష కూడా ముందే జరగాలి. మలంలో రక్తం, కారణం తెలియని బరువు నష్టం, రక్తహీనత, నిద్ర లేపే విరేచనాలు, 45 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మార్పు వంటివి ఉంటే శ్వాస పరీక్షకు ముందే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించాలి.

శ్వాస పరీక్ష ఎలా జరుగుతుంది

మనిషి శరీర కణాలు హైడ్రోజన్‌ను గానీ మీథేన్‌ను గానీ తయారుచేయవు. ఊపిరిలో ఈ వాయువులు కనిపించాయంటే అవి పేగులోని సూక్ష్మజీవుల నుంచి పుట్టి, రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా బయటికి వచ్చినవే. పరగడుపున మొదటి నమూనా తీసుకున్నాక 75 గ్రాముల గ్లూకోజ్ గానీ 10 గ్రాముల లాక్టులోజ్ అనే అరగని చక్కెర గానీ నీటిలో కలిపి తాగిస్తారు. ఆ తర్వాత 15, 20 నిమిషాలకు ఒకసారి రెండు మూడు గంటల పాటు సంచిలోకో గొట్టంలోకో ఊదిస్తారు. 2017 నాటి ఉత్తర అమెరికా నిపుణుల ఏకాభిప్రాయం ప్రకారం, మొదటి 90 నిమిషాల లోపు హైడ్రోజన్ మొదటి కొలత కంటే 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20 భాగాలు) లేదా అంతకు మించి పెరిగితే సిబో ఉన్నట్టు. మీథేన్ ఏ క్షణంలోనైనా 10 పీపీఎం లేదా అంతకు మించి ఉంటే మీథేన్ పుట్టించే జీవులు పెరిగినట్టు. ఈ జీవులు అసలు బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే జాతివి. ఇవి పెరిగినవారిలో సాధారణంగా మలబద్ధకం ఎక్కువ.

ఈ పరీక్షలో తప్పులు ఎక్కువగా సన్నాహం సరిగా లేకపోవడం వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ ఆపి నాలుగు వారాలు కావాలి. విరేచనకారి మందులు, పేగు కదలికను పెంచే మందులు వారం ముందు నుంచి, వైద్యుడు సరేనంటే, ఆపాలి. ముందురోజు పప్పు, సాంబారు, కూరగాయలు, పండ్లు, పాలు, పెరుగు, చపాతీ, ఉల్లి, వెల్లుల్లి ముట్టకుండా, ఉప్పు వేసుకున్న తెల్లన్నంతోనూ, తినేవారైతే మసాలా లేని గుడ్డు, చేప లేదా కోడిమాంసంతోనూ సరిపెట్టుకోవాలి. ఆ తర్వాత 8 నుంచి 12 గంటల ఉపవాసం. పరీక్ష రోజు పొగతాగడం, వ్యాయామం, పరీక్ష మధ్యలో నిద్రపోవడం పనికిరావు. మధుమేహం ఉన్నవారికి 75 గ్రాముల గ్లూకోజ్ తాగడం, మందు లేకుండా ఉపవాసం ఉండడం రెండూ ఇబ్బందే కనుక, ఆ పూట మాత్రలు, ఇన్సులిన్ ఎలా వాడాలో వైద్యుడిని ముందే అడిగి రాయించుకోవాలి.

ఫలితం కాగితం చేతికొచ్చాక దానిని అతిగా నమ్మకూడదు. గ్లూకోజ్ చిన్నపేగు మొదటి భాగంలోనే ఒంటబడుతుంది, కాబట్టి చివరి భాగంలో పెరిగిన బ్యాక్టీరియాను అది పట్టుకోలేకపోవచ్చు. లాక్టులోజ్ ఎక్కడా ఒంటబట్టదు. పేగు కదలిక వేగంగా ఉన్నవారిలో అది 90 నిమిషాలలోపే పెద్దపేగుకు చేరి, లేని సిబోను ఉన్నట్టు చూపుతుంది. రెండిటిలో ఎంచుకునే వీలుంటే గ్లూకోజ్ పరీక్షే మేలని నా అభిప్రాయం. దానిలో వచ్చిన ‘లేదు’ పూర్తిగా నమ్మదగినది కాకపోయినా, ‘ఉంది’ అన్న ఫలితానికి విలువ ఎక్కువ. ఎండోస్కోపీతో చిన్నపేగు ద్రవం తీసి కల్చర్ చేయడం, అంటే ప్రయోగశాలలో అందులోని బ్యాక్టీరియాను పెంచి లెక్కించడం, ఇంకో మార్గం. మిల్లీలీటరుకు 1,000 లేదా అంతకుపైగా బ్యాక్టీరియా ఉంటే సిబోగా పరిగణిస్తారు. పూర్వం ఈ హద్దు 1,00,000గా ఉండేది. ఖర్చుతో కూడిన పని కావడం, నోటిలోని బ్యాక్టీరియా నమూనాలో కలిసే ప్రమాదం ఉండడం వల్ల ఇది అందరికీ చేసేది కాదు.

చికిత్స

వైద్యులు ఎక్కువగా ఎంచుకునే యాంటీబయాటిక్ రిఫాక్సిమిన్. రక్తంలోకి దాదాపు చేరకుండా పేగులోనే పనిచేయడం దీని బలం. సాధారణంగా 550 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు చొప్పున 14 రోజులు ఇస్తారు. మీథేన్ ఎక్కువ ఉన్నవారికి దీనికి నియోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ జతచేయడం వాడుకలో ఉంది. నియోమైసిన్ వినికిడిని, మూత్రపిండాలను దెబ్బతీయగలదు కాబట్టి జాగ్రత్త అవసరం. రిఫాక్సిమిన్ ఖరీదు భరించలేనివారికి మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్, అమాక్సిసిలిన్ క్లావులనేట్ వంటివి రాస్తారు. మెట్రోనిడజోల్ ఎక్కువ కాలం వాడితే కాళ్ల తిమ్మిర్లు రావచ్చు, సిప్రోఫ్లాక్సాసిన్ కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధాలను దెబ్బతీయవచ్చు, డాక్సీసైక్లిన్ గర్భిణులకు పనికిరాదు. చీటీ లేకుండా మందుల దుకాణంలో ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు నాలుగు రోజులు వాడి ఆపేయడం మన ఊళ్లలో చాలా చోట్ల జరుగుతున్నది. దానివల్ల జబ్బు నయం కాదు సరికదా, నెల రోజుల వరకు శ్వాస పరీక్ష చేయడానికి కూడా వీలుండదు.

యాంటీబయాటిక్ నడుస్తుండగానే బి12 ఇంజెక్షన్లు, అవసరమైతే విటమిన్ డి, ఇనుము ఇచ్చి లోటు పూడ్చాలి. కాళ్లలో తిమ్మిర్లు, నడక తూలడం ఉంటే బి12 విషయంలో ఆలస్యం పనికిరాదు. ఆహారం విషయంలో నా సలహా మితమైనది. కంది, శనగ, అలసంద, రాజ్మా వంటి పప్పులు, ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, మామిడి, పుచ్చకాయ తగ్గిస్తే ఉబ్బరం తగ్గుతుంది, కానీ బ్యాక్టీరియా పోదు. అన్నం, గుడ్డు, చేప, క్యారెట్, టమాటా, వంకాయ, కొద్దిపాటి పెసరపప్పు చాలామందికి పడతాయి. ఈ పథ్యాన్ని నాలుగు నుంచి ఆరు వారాలకు మించి సాగదీయకుండా, ఒక్కొక్క పదార్థాన్ని తిరిగి కలుపుకుంటూ రావాలి. మాంసాహారం తినని ఇంట్లో పప్పు నెలల తరబడి మానేస్తే ప్రోటీన్ లోటు తప్పదు. ముందుగానే జీర్ణమైన రూపంలో ఉండే ఎలిమెంటల్ ద్రవాహారం మాత్రమే రెండు వారాలు తీసుకోవడం ఇంకో చికిత్స. 2004లో లాస్ ఏంజెలిస్‌లో జరిగిన అధ్యయనంలో దీనితో 80 శాతం మందికి శ్వాస పరీక్ష సాధారణ స్థితికి వచ్చింది. అయితే రుచి, ఖరీదు రెండూ దీనికి అడ్డు. మేలు చేసే బ్యాక్టీరియా ఉండే ప్రోబయాటిక్ గుళికలను సిబోకు సిఫారసు చేసేంత బలమైన ఆధారం ఇంకా లేదు.

విరేచనాలు, బరువు నష్టం, నాలుక పుండ్లతో పాటు బి12, ఫోలేట్ రెండూ తగ్గినట్టు తేలితే ఉష్ణమండల స్ప్రూ అనే వ్యాధి గుర్తుకు రావాలి. చిత్తూరు జిల్లాకు ఆనుకుని ఉన్న, తమిళనాడులోని నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెల్లో ఇది మహమ్మారిగా వ్యాపించినప్పుడు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు దానిని విస్తృతంగా అధ్యయనం చేశారు. దీనికి టెట్రాసైక్లిన్ జాతి మందు, ఫోలిక్ ఆమ్లం కలిపి మూడు నుంచి ఆరు నెలలు వాడాలి, 14 రోజుల కోర్సు చాలదు.

తిరగబెడితే

ఇటలీలో జరిగి 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, రిఫాక్సిమిన్‌తో నయమైనవారిలో మూడు నెలలకు సుమారు 13 శాతం, ఆరు నెలలకు 28 శాతం, తొమ్మిది నెలలకు 44 శాతం మందికి సిబో తిరిగి వచ్చింది. కాబట్టి లక్షణాలు మళ్లీ మొదలైతే కంగారుపడక, మొదట వెతికిన కారణాల జాబితాను మళ్లీ తెరవాలి. షుగరు అదుపులో ఉందా, గ్యాస్ మాత్ర నిజంగా ఆగిందా, పేగులో ఇరుకు మిగిలిపోయిందా అని చూడాలి. ఇరుకు, ఆపరేషన్ వల్ల ఏర్పడిన, ఆహారం సాగకుండా ఒకవైపు మూసుకుపోయిన పేగు భాగం వంటివి ఉంటే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. పేగు కదలిక మందగించినవారికి దాన్ని పెంచడానికి ప్రుకాలోప్రైడ్, లేదా రాత్రివేళ 50 మిల్లీగ్రాముల ఎరిత్రోమైసిన్ వంటివి రాస్తారు. గుండె లయ దోషాలు ఉన్నవారు ఎరిత్రోమైసిన్ విషయం వైద్యుడికి ముందే చెప్పాలి. రోజంతా ఏదో ఒకటి కొరుకుతూ ఉండే అలవాటు మానుకుని, భోజనాల మధ్య నాలుగైదు గంటల ఎడం ఇస్తే ఊడ్పు తరంగం తన పని చేసుకోగలుగుతుంది. ఇన్సులిన్, షుగరు పడిపోయేలా చేసే మాత్రలు వాడేవారు మాత్రం తమ వైద్యుడిని అడిగిన తర్వాతే ఈ ఎడాన్ని పాటించాలి.