ఆరాధనలో వాయించడానికి, పాడడానికి వెనకాడుతున్నారా? ఆ సందేహాన్ని ఎలా దాటాలి?

"అన్నా, రేపు నా వల్ల కాదన్నా. వేరే ఎవర్నైనా పెట్టుకోండి." శనివారం రాత్రి వాట్సాప్‌లో వచ్చే ఈ మెసేజ్ చిత్తూరులోనైనా తిరుపతిలోనైనా చర్చిలో ఆరాధన టీమ్ నడిపేవాళ్ళకి కొత్తేమీ కాదు. పంపినవాడికి జ్వరమూ లేదు, వాడు ఊరికీ పోలేదు. వారమంతా పాటలు నేర్చుకునే ఉంటాడు. తీరా స్టేజీ ఎక్కాల్సిన వేళకి గుండె జారిపోతుంది.

ఆ "నా వల్ల కాదు"లో వేర్వేరు భయాలు కలిసిపోయి ఉంటాయి. పాట సరిగ్గా రాదేమోనన్న భయం ఒకటి. విన్నవాళ్ళు ఏమనుకుంటారోనన్న భయం ఇంకొకటి. నాలాంటివాడు దేవుని సన్నిధిలో నిలబడి పాడొచ్చా అన్నది మూడోది. దేనికి దాని మందు వేరు. తాళం జారుతుంటే ప్రార్థన చేసి ఊరుకోవడం సరిపోదు, సాధన చేయాలి. అర్హత గురించిన బెంగ మాత్రం ఎంత సాధన చేసినా పోదు. కాబట్టి ముందు వీటిని విడదీయాలి.

1. భయాన్ని కాగితం మీద పెట్టండి

"నాకు మ్యూజిక్ రాదు" అని రాస్తే లాభం లేదు. "రెండో చరణం మొదట్లో తాళం తప్పుతున్నాను", "పల్లవిలో పై స్వరం అందడం లేదు", "తబలా మోతలో నా గిటార్ నాకే వినపడదు", ఇలా రాయండి. చాలామందికి ఈ లిస్టులో సరిచేసుకోగలిగినవే ఎక్కువగా తేలతాయి. రాయడానికి పది నిమిషాలు చాలు.

2. శ్రుతి మీకు తగ్గట్టు పెట్టుకోండి

గొంతు మీద నమ్మకం పోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే. యూట్యూబ్‌లో విన్న పాటను అదే శ్రుతిలో పాడాలనుకుంటారు. అది ఆ గాయకుడి గొంతుకు కుదిరిన శ్రుతి, మీది కాదు. కర్ణాటక సంగీతంలో మగవాళ్ళు ఎక్కువగా ఒకటి నుంచి రెండు శ్రుతి, అంటే 'స' స్వరాన్ని సి నుంచి డి మధ్య పెట్టుకుని పాడతారు. ఆడవాళ్ళు ఐదు నుంచి ఆరు, అంటే జి నుంచి ఎ మధ్య. పైగా ఆరాధనలో మీరొక్కరే పాడరు, సంఘమంతా పాడాలి. పాటలో అన్నిటికన్నా పై స్వరం సి, మహా అయితే డి దాటకుండా చూసుకుంటే వెనక వరుసలో కూర్చున్న పెద్దమ్మ కూడా గొంతు కలుపుతుంది.

కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది. ఒకసారి నొక్కితే అర స్వరం మారుతుంది. "అది వాడేవాడికి వాయించడం రాదు" అని వెక్కిరించేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. గిటార్‌కి కాపో (శ్రుతి పెంచడానికి తీగల మీద బిగించే క్లిప్పు) పెడితే మాత్రం ఎవరూ ఏమీ అనరు, విచిత్రం! నిశ్చింతగా వాడుకోండి. పాట అయిపోగానే మళ్ళీ సున్నాకి తేవడం మాత్రం మరవద్దు. లేదంటే తర్వాతి పాటలో గిటార్ ఒక దారి, మీరొక దారి.

3. జారే చోటనే సాధన చేయండి

పాటను మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ మళ్ళీ వాయిస్తే వచ్చిన భాగమే ఇంకా బాగా వస్తుంది, రాని భాగం అలాగే ఉంటుంది. తప్పు పోయే ఆ ఒక్క లైనునే తీసుకోండి. ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళం వేసే) యాప్ పెట్టుకుని, పాట వేగం నిమిషానికి 100 దెబ్బలు అయితే 60 దగ్గర మొదలుపెట్టండి. తప్పు లేకుండా వచ్చాక 5 చొప్పున పెంచుకుంటూ పోండి. టీమ్ నడిపేవాళ్ళు పాటల లిస్టు బుధవారానికల్లా ఇస్తేనే ఇది కుదురుతుంది. శనివారం సాయంత్రం లిస్టు ఇచ్చి, పిల్లలకు ధైర్యం లేదనడం న్యాయం కాదు.

పాత క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇంట్లో ఉంటే తీసి చూడండి. చాలా పాటల పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి: శంకరాభరణం, మోహన, ఆనందభైరవి, ఆది, రూపకం. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు (లెక్కలు), రూపకానికి ఆరు. తిరుపతి అన్నమయ్య కీర్తనలు చెవిన పడుతూనే ఉండే ఊరు. కర్ణాటక సంగీతం నేర్పే గురువులకు ఇక్కడ కొదవ లేదు. తొలి పాఠాలైన సరళీ స్వరాలు, జంట స్వరాలు కొన్ని నెలలు శ్రద్ధగా నేర్చుకుంటే శ్రుతిలో ఉన్నామా లేదా అన్నది మీ చెవే చెబుతుంది. ఇంకొకర్ని అడిగే అవసరం తగ్గుతుంది.

చిత్తూరు వైపు ఇంకో చిక్కు ఉంది. తమిళనాడు పక్కనే కాబట్టి తమిళ పాటలు కూడా వస్తుంటాయి. భాష రాకపోతే తెలుగు లిపిలో రాసుకోండి. పలకడం ఎలాగో సంఘంలోని తమిళం వాళ్ళను అడగండి, సంతోషంగా నేర్పుతారు.

4. మీరు వాయించేది మీకు వినపడాలి

చిన్న హాలు, రేకుల కప్పు, రెండు పెద్ద స్పీకర్లు. ఇలాంటి చోట మీ గొంతు మీకు వినపడక అరుస్తారు, అరిచి శ్రుతి తప్పుతారు, ఇంటికెళ్ళి "నాకు రాదు" అనుకుంటారు. ఆరాధనకు అరగంట ముందే వెళ్ళి సౌండ్ చూసే తమ్ముడితో మాట్లాడండి. ఒక స్పీకర్ మీ వైపు తిప్పినా, డోలక్ మైకు కాస్త తగ్గించినా సరిపోవచ్చు.

5. రికార్డింగ్‌తో పోల్చుకోకండి

ఆ వీడియోలోని గొంతు స్టూడియోలో లైను లైనుగా పాడి, బాగా వచ్చినవి ఏరి, శ్రుతి సరిచేసి పెట్టినది. మీరు పాడేది ఒకే టేక్.

6. పొరపాటు జరిగితే ఏం చేయాలో ముందే అనుకోండి

తప్పు జరుగుతుంది. మొహం చిట్లించి, టీమ్ వైపు చూసి నవ్వితేనే అందరికీ తెలుస్తుంది. కీబోర్డు వాళ్ళు కుడి చేయి తీసేసి, ఎడమ చేత్తో ఒక్క స్వరం పట్టుకుని, తర్వాతి ఆవర్తనంలో (తాళం మళ్ళీ మొదలయ్యే చోట) చేరిపోండి. పాడేవాళ్ళు చరణం మరిచిపోతే పల్లవి ఎత్తుకోండి. సంఘం అందుకుంటుంది. ఇది ప్రాక్టీస్‌లోనే, కావాలని తప్పు చేసి, అలవాటు చేసుకోవాలి.

ఎలా వాయించానో అని అందరినీ అడగడం మానండి. సంగీతం తెలిసిన, మీ మంచి కోరే ఒక్కరిని ఎంచుకుని, సోమవారం నాడు, "వేగం సరిపోయిందా అక్కా?" అని సూటిగా అడగండి.

7. అర్హత గురించిన ప్రశ్నకి

బైబిల్లో మొదటి దినవృత్తాంతముల గ్రంథం 25వ అధ్యాయంలో దేవాలయ గాయకులు 288 మంది కనిపిస్తారు. పిన్న పెద్ద, గురువు శిష్యుడు అనే తేడా లేకుండా చీట్లు వేసి వాళ్ళకు వంతులు పంచారు. అంటే ఆ వరుసలో ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళూ ఉన్నారన్నమాట. మోషే తన నోటి మాంద్యం గురించి చెప్పుకున్నప్పుడు దేవుడు పని తప్పించలేదు, తోడుగా అహరోనును ఇచ్చాడు. మీరూ తప్పుకుంటానని కాకుండా తోడు కావాలని అడగండి. రెండో గొంతు, పక్కన ఇంకో గిటార్, మొదట్లో ఒక్క పాట మాత్రమే.

మనసులో నిజంగా ఒక తప్పు గుచ్చుతుంటే అది వేరే సంగతి. పాస్టర్ గారితోనో, నమ్మకమున్న పెద్దవాళ్ళతోనో మాట్లాడండి. కొన్ని వారాలు కింద కూర్చుని పాడితే పరువేమీ పోదు.

వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, స్టేజీ మాట ఎత్తితేనే ఊపిరి ఆడనట్టు ఉండడం లాంటివి ఉంటే దాన్ని విశ్వాసలోపం అనకండి, అననివ్వకండి. డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు ఉండదు.